అరసున్న

శివరాత్రి పోయిన రెండో ఆదివారం
కాజీపేటల పొద్దుగాల ప్యాసింజరెక్కి
నెక్కొండల దిగినం ఇద్దరం.
సుదర్శనం సారు సంకల మడత స్టాండు,
నా చేతిల నీళ్ల డబ్బా, అటుకుల టిఫిను,
ముప్పయ్యేండ్లు అక్షరాలు దిద్దిన కుంచెలు.

నేను బోర్డులు రాసేటోణ్ని.
కిరాణం, కంటి దవఖాన, విత్తనాల కంపెనీ.
గోడమీది ఎర్ర అక్షరానికి నల్ల నీడేస్తే
ఆ నీడ ఎన్నడూ కుడిపక్కకే.
పొద్దుతోని దానికి పనిలేదు.
ఫ్లెక్సీలొచ్చినంక కుంచెలు కట్టెలైనయి.
"గోడలు పోతే పోనీ, బయలున్నది గద"
అని సారే వెంట తీస్కొచ్చిండు.

ఊరు దాటినంక కల్లం.
కల్లం నిండ చపాటా మిర్చి,
బొద్దు బొద్దుగ, ఎండకు ముడతలు పడుకుంట.
దాని వెనుక ఒక గుట్ట
సగం మాడిన జొన్నరొట్టె రంగుల.

సారు కండ్లు సగం మూస్తడు.
"కాయను చూడకు, ఎరుపును చూడు.
ఎరుపును గూడ కాదు,
పక్కనున్న నీలిపట్టాను అదేం చేస్తున్నదో చూడు."
నాకు సమజ్ కాలే.
నాకు తెలిసిన ఎరుపు ఒక్కటే,
లీటరు డబ్బాల అమ్మేది, మూతమీద నంబరున్నది.
ఇక్కడేమో
తడి ఎరుపు, తాలు ఎరుపు, తొడిమె దగ్గరి నల్లెరుపు,
ఏరేటోళ్ల వేళ్ల సందుల ఇరికిన ఎరుపు.

గాలి తిరిగింది.
ఘాటు ముక్కుల దూరి
సారు తుమ్మితే గుట్ట అంచు వంకరపోయింది.
కాయితంమీది తడికి మిరప దుమ్మతుక్కుంది.
"ఉండనీ" అన్నడు, కండ్లు తుడుసుకుంట,
"ఇంతకన్న నిజమైన రంగు దుకాణంల దొరకది."

పదకొండైనంక సారుకు కోపమొచ్చింది.
"నీడ జరిగింది! పదింటి నీడేసిన,
చెట్టేమో ఇంకో నీడ చూపెడుతున్నది" అని
తడిగుడ్డతోని కడుగుడు, మల్ల దిద్దుడు,
మల్ల కడుగుడు.

ఆ చింతచెట్టు కిందనే
ఉప్పలక్క మనుమరాలు పండుకున్నది, గోనెపట్టా మీద.
ఎండ దాని కాలిబొటనవేలు ముట్టంగనే
ఎక్కడున్నదో గాని ఉప్పలక్క వచ్చేది.
చేతులకున్న మంట కొంగుకు తుడిచి,
పట్టా కొస పట్టి
జానెడు ఈడ్చేది, పిల్ల లేవకుంట.
మల్ల కల్లంలకు.
గడియారం లేదు, ఫోనుల టైం చూసుడు లేదు.
సారు తిట్టుకుంటున్న నీడ ఆమెకు
పొద్దటిసంది తెలిసిన లెక్కనే.

నేను కుంచె పక్కన పెట్టి
కింద చూసిన.
పట్టా ఈడ్చిన జాడలు దుమ్ముల,
ఒకదానెంబడి ఒకటి,
చెట్టు మొదలు చుట్టు వంగుకుంట.
నేనెరిగిన ఆకారమది.
పాత బోర్డులు చూసి రాత నేర్చుకునేటప్పుడు
మా ఉస్తాదు చూపెట్టిన అరసున్న.
"దీన్ని ఇప్పుడెవ్వలు రాయరు,
చేతికి మాత్రం తెలిసుండాలె" అనేటోడు.

గుట్ట వెయ్యలే. మిర్చి వెయ్యలే.
మట్టి రంగు పలచగ కలిపి
ఆ వంపొక్కటే వేసిన,
అక్షరం రాసినట్టు, ఊపిరి బిగబట్టి.

సారు వంగి చూసి ఏమనలే.
తన అటుకులల్ల సగం నా దిక్కు జరిపిండు.

చాయ తాగే యాళ్లకు ఉప్పలక్క వచ్చింది.
"గుట్టేదే? మిర్చేదే?
పైసలు పెట్టి బండెక్కొచ్చి గీ గీత గీసినవా?"
అని నవ్వబోయి
ఆగింది.
ఒకపారి కాయితం దిక్కు, ఒకపారి దుమ్ము దిక్కు.
అంగుళం దూరంల వేలు పెట్టి, ముట్టకుంట,
మొదటి జాడకాడినుంచి లెక్కపెట్టింది.

"ఏడే వేసినవు.
పొద్దు గూకేదాక ఇంక రెండు జరుపులున్నయి.
అప్పుడే సంతకం పెట్టకు."

ఐదున్నర బండి పోయింది.
కూత వినపడ్డది ఇద్దరికీ.
సారు డబ్బాల నీళ్లు పారబోసి
కొత్తయి పట్టుకొచ్చిండు.